మిల్లు అటక మీద వీటీ220లు దొరికాయి, వెలిగించే ముందు ఏం చూసుకోవాలి?

#1 ఛాయాసోమ, నల్లగొండ

అందరికీ నమస్తే. మిర్యాలగూడ దగ్గర మా మేనమామకు తెలిసినవాళ్ల పాత రైస్ మిల్లు ఒకటి ఈమధ్య చేతులు మారింది. కొత్త ఓనరు ఆఫీసు గది ఖాళీ చేయిస్తుంటే అటక మీద గోనెసంచుల కింద నాలుగు టెర్మినళ్లు (సొంతంగా కంప్యూటర్ కాదు, వేరే కంప్యూటర్‌కు తీగతో కలిపే తెర, కీబోర్డు) బయటపడ్డాయి. మూడు డిజిటల్ కంపెనీ వీటీ220లు, ఒకటి వైస్ 60. ఎప్పుడో ఏదో వేలంలో కొన్నారట, ఎవరి దగ్గర కొన్నారో ఎవరికీ గుర్తులేదు. తుక్కు అతను అప్పటికే ట్రాలీ ఆటో పెట్టుకుని తూకానికి రెడీగా ఉన్నాడు. అతను ఇస్తానన్న దానికి కొంచెం పైన పెట్టి తెచ్చేసుకున్నాను.

మూడు వీటీలకు కలిపి కీబోర్డులు రెండే ఉన్నాయి. లోపలంతా తౌడు దుమ్ము. గాలి సందుల్లోంచి చూస్తే ఒకదాంట్లో ఎండిపోయిన బల్లి కనబడుతోంది. వైస్ తెర ఆపి ఉన్నా సరే, గాజు మీద పాత మెనూ అచ్చుపడిపోయి ఉంది. టార్చి ఏటవాలుగా వేస్తే స్టాక్, పర్చేజ్, క్యాష్ బుక్ అని ఇంగ్లీషు అక్షరాలు వరుసగా చదవొచ్చు. స్క్రీన్ సేవర్ ఆపేసి రాత్రింబవళ్లు అదే పేజీ ఉంచినట్టున్నారు.

డైరెక్టుగా ప్లగ్ పెట్టేయొచ్చా? నా దగ్గరున్న రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు వీటిని ఎలా కలపాలి? ఇంకో చిన్న ఆశ, దీని మీద తెలుగు కనబడుతుందా?

#2 ఎల్‌ఓటీ_అన్న, దేవరకొండ

తమ్మీ, ప్లగ్ పెట్టకు.

నేను బ్లాక్ అండ్ వైట్ టీవీల కాలం నుంచి రిపేరు చేస్తున్నా. ఈసీ టీవీ, డయనోరా, సాలిడేర్ అన్నీ విప్పిన చేతులు ఇవి. కంప్యూటర్ల సంగతి నాకు పెద్దగా తెలియదు గానీ నీ పెట్టెలో సగం టీవీయే. పిక్చర్ ట్యూబ్, ఎల్‌ఓటీ (హై వోల్టేజీ పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్), యోక్ (ట్యూబ్ మెడ చుట్టూ ఉండే కాయిల్స్) అన్నీ మనవే.

ముందు వెనక రేటింగ్ ప్లేటు చూడు. 110 వోల్టులకు పెట్టిన పీసు అయితే మన 230 ఇవ్వగానే కథ ముగిసినట్టే. కవర్ తీసే ముందు ప్లగ్ పీకి ఒకరోజు వదిలెయ్. అయినా ట్యూబ్‌లో చార్జి ఉందనే అనుకుని పని చెయ్. 12 అంగుళాల మోనోక్రోమ్ ట్యూబ్‌కు కూడా ఆనోడ్ (ట్యూబ్ పక్కన రబ్బరు టోపీ కింద ఉండే హై వోల్టేజీ చోటు) మీద 10 వేల వోల్టులకు పైనే ఇస్తారు. పొడుగు మైనస్ స్క్రూడ్రైవర్‌కు క్లిప్పు వైరు తగిలించి, రెండో కొస ట్యూబ్ వెనక నల్ల పూతకు ఆనుకుని ఉండే అల్లిక తీగకు పెట్టు. బోర్డు మీద ఎక్కడ పడితే అక్కడ పెడితే ఐసీలు పోతాయి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకో. ఇంకో చేత్తో స్క్రూడ్రైవర్ మొనను రబ్బరు టోపీ కిందికి మెల్లగా జరుపు. టప్‌మంటే మంచిదే, అనకపోయినా మంచిదే. కాసేపాగి ఇంకోసారి చెయ్, కొంత చార్జి మళ్లీ పైకి వస్తుంది.

ట్యూబ్ మెడ మాత్రం జాగ్రత్త. బ్రష్ గానీ, కంప్రెసర్ గొట్టం గానీ అక్కడ తగిలిందో, 'ఉస్స్' అని గాలి పీల్చుకుంటుంది, ఇక దాన్ని పారేయడమే.

లోపల చూడాల్సినవి: పెద్ద కండెన్సర్ల తల ఉబ్బిందా, కాళ్ల దగ్గర తడి మరక ఉందా, ఎల్‌ఓటీ కాళ్లకూ యోక్ కనెక్టరుకూ చుట్టూ సోల్డర్ గుండ్రంగా పగిలిందా. డ్రై సోల్డర్ అక్కడే వస్తుంది, ఎందుకంటే వేడి అక్కడే. కరెంటు లోపలికొచ్చే చోట లేత పసుపు రంగులో, పారదర్శకంగా ఉండే చదరపు కండెన్సర్ కనబడి, దాని మీద సన్న పగుళ్లు ఉంటే తీసి కొత్తది వెయ్. అది పేపర్ కండెన్సర్. పగుళ్లలోంచి చెమ్మ పీల్చి, కరెంటు ఇచ్చిన పది నిమిషాలకు ఇల్లంతా పొగ నింపుతుంది.

ఇవన్నీ అయ్యాకే సిరీస్ బల్బు మీద పెట్టు. 100 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బు, ఎల్‌ఈడీ పనికిరాదు. ఒక్కసారి మెరిసి మందగిస్తే సరే. నిండుగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఉంది, ఆపెయ్. ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) కాబట్టి బల్బు వెలిగి ఆరి కొట్టుకుంటూ ఉండొచ్చు. అది ఫాల్టు అని గాభరా పడకు, వోల్టేజీ చాలక అలా చేస్తుంది.

#3 వడ్లమిల్లు, మిర్యాలగూడ

అన్న చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతాను. తౌడులో నూనె ఉంటుంది. అది మామూలు దుమ్ములాగ ఊదితే పోదు, ఏళ్లు గడిచేసరికి బంకలా పట్టేస్తుంది. మా మిల్లు ప్యానల్ బోర్డులకు మేం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పెయింట్ బ్రష్ వాడతాం. కీ టోపీలు మాత్రం పీకి సబ్బు నీళ్లలో నానబెట్టు. చివరిసారి కడిగేది ఫిల్టర్ నీళ్లతో కడుగు. మన బోరు నీళ్లు ఆరితే అన్నిటి మీద తెల్ల మచ్చలే.

అటక మీద పెట్టింది మావాళ్లలో ఎవరో కనుక్కుంటాను. 90ల్లో మా నాన్న కూడా ఒక 386 కంప్యూటర్‌కు స్కో యూనిక్స్ (ఒకేసారి చాలామంది వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి, మల్టీపోర్ట్ కార్డుతో తూకం దగ్గర ఒకటి, గుమస్తా దగ్గర ఒకటి, క్యాష్ దగ్గర ఒకటి తెరలు పెట్టించాడు. నాకు గుర్తున్నది ఆ కీబోర్డు కిటకిట ఒక్కటే.

#4 జూరాల_గేటు, గద్వాల

వైరింగ్ సంగతి నేను చెప్తాను.

ముందు హెచ్చరిక. రాస్‌బెర్రీ పై బోర్డు మీది సీరియల్ పిన్నులు 3.3 వోల్టులవి. టెర్మినల్ వెనక ఉన్నది ఆర్‌ఎస్-232, అంటే ప్లస్ మైనస్ రెండు వైపులా 12 వోల్టుల దాకా ఊగుతుంది. నేరుగా కలిపితే రాస్‌బెర్రీ బూడిదే. మధ్యలో వోల్టేజీ మార్చే మ్యాక్స్3232 మాడ్యూల్ పెట్టు, లేదా మామూలు యూఎస్‌బీ సీరియల్ కేబుల్ కొను. నా ఓటు ఎఫ్‌టీడీఐ చిప్పు ఉన్నదానికి, కారణం తర్వాత చెప్తాను.

వీటీ220 వెనక 25 పిన్నుల మగ కనెక్టరు ఉంటుంది. యూఎస్‌బీ కేబుల్ వైపు 9 పిన్నుల మగ. రెండు ఆడ కనెక్టర్లు, మూడు తీగలు చాలు. 25 వైపు 2ను 9 వైపు 2కు, 3ను 3కు, 7ను 5కు. నేరుగా కలిపినట్టు కనిపిస్తుంది గానీ కాదు. 25 పిన్నుల దాంట్లో 2 పంపేది, 9 పిన్నుల దాంట్లో 2 అందుకునేది. కాబట్టి అడ్డంగా మార్చినట్టే లెక్క.

కీబోర్డులో ఎఫ్3 నొక్కితే సెటప్ వస్తుంది. కమ్యూనికేషన్ పేజీలో వేగం 9600, 8 బిట్లు, ప్యారిటీ లేకుండా పెట్టి సేవ్ చెయ్. సేవ్ మర్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచే. రాస్‌బెర్రీ మీద సిస్టమ్‌డీలో సీరియల్ గెట్టీ సర్వీసును (సీరియల్ తీగ మీద లాగిన్ అడిగేది అదే) ఆ పోర్టుకు ఆన్ చేసి, టర్మ్ (టెర్మినల్ రకం చెప్పే సెట్టింగు) విలువ వీటీ220 అని ఇస్తే లాగిన్ అడుగుతుంది.

#5 పెద్దమర్రి, మహబూబ్‌నగర్

మంచి దొరుకుడు దొరికింది. వీటీ220 1983లో వచ్చింది. దాని కీబోర్డు ఎల్‌కే201ను చిన్నచూపు చూడొద్దు. ఇవాళ మనం వాడే ప్రతి కీబోర్డులో బాణం గుర్తులు తలకిందులైన టీ ఆకారంలో ఉంటాయి కదా, ఆ అమరిక దీనితోనే ప్రచారంలోకి వచ్చింది. పైన ఫంక్షన్ కీల వరుస, పక్కన నంబర్ ప్యాడ్, మధ్యలో ఆరు ఎడిటింగ్ కీలు అన్నీ అందులోనే కుదిరాయి.

పసుపుబారిన ప్లాస్టిక్ గురించి అడగలేదు గానీ అడుగుతావు. పార్లర్ సామాన్ల షాపులో 40 వాల్యూమ్ పెరాక్సైడ్ క్రీమ్ దొరుకుతుంది, 12 శాతం. అది పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ చుట్టి, ఎండలో పెట్టి గంటకోసారి తిప్పాలి. విదేశాల్లో దీనికి యూవీ లైట్లు కొంటారు, మనకు పాలమూరు ఎండే ఎక్కువ. మేలో చేస్తే క్రీమ్ ఎండిపోయి చారలు పడతాయి కాబట్టి చలికాలం మధ్యాహ్నాలు మేలు. కానీ ఒక పీసును మాత్రం అలాగే ఉంచు. తెల్లబరిచింది కొన్నేళ్లకు మళ్లీ పసుపుబారుతుంది. ఆ రంగు కూడా దాని వయసే అనేది నా లెక్క.

వైస్ 60 నాకు అమ్ముతావా?

#6 కొల్లాపూర్_మామిడి

ఒక మాట అడుగుతాను, తిట్టొద్దు. టెర్మినల్ ఎమ్యులేటర్ (పాత టెర్మినల్‌ను అనుకరించే ప్రోగ్రాము) ఫోన్‌లో కూడా ఉంది. పచ్చ అక్షరాలు, గీతలు, తెర వంపు అన్నీ చూపించే యాప్‌లు ఫ్రీ. పది కిలోల గాజు పెట్టె ఇంట్లో పెట్టుకుని కరెంటు బిల్లు కట్టడం ఎందుకు?

#7 రిటైర్డ్_కోబాల్, సూర్యాపేట (ఇప్పుడు హైదరాబాద్)

తిట్టడం ఎందుకు నాయనా, న్యాయమైన ప్రశ్నే. నేను ఉద్యోగం చేసినంత కాలం ఇలాంటి తెరల ముందే కూర్చున్నాను కాబట్టి నాకు తోచింది చెప్తాను.

యాప్ చూపించేది రంగు. అసలు టెర్మినల్ చూపించేది వేగం, అంటే నిదానం. 9600 బాడ్ అంటే ఒక్కో అక్షరానికి స్టార్టు, స్టాపు కలిపి 10 బిట్లు, సెకనుకు 960 అక్షరాలు. తెర నిండా 24 వరుసలు, 80 నిలువులు, మొత్తం 1920 అక్షరాలు. నిండు పేజీ గీయడానికి సరిగ్గా రెండు సెకన్లు. కౌంటర్లో మనిషి నిలబడి ఉంటే రెండు సెకన్లు చాలా ఎక్కువ. అందుకే ఆనాటి ప్రోగ్రామరు పేజీ మొత్తం మళ్లీ గీసేవాడు కాదు, మారిన అంకె ఉన్న చోటికి కర్సరు పంపి ఆ ఒక్కటే మార్చేవాడు. మారిన చోటు మాత్రమే గీసే కర్సెస్ అనే ప్రోగ్రాముల లైబ్రరీ పుట్టిందే అందుకు. ఇప్పటి ప్రోగ్రాములు కొన్ని ఈ తెర మీద నడిపి చూడండి. ఎంత అనవసరంగా గీస్తున్నాయో కళ్లకు కనబడుతుంది. కుర్రాళ్లకు ఒక గంట ఇది చూపిస్తే చాలు, ఎమ్యులేటర్‌లో ఏడాదైనా తెలియదు.

ఇంకోటి. లైనక్స్‌లో మీరు రోజూ చూసే టీటీవై అనే పేరు టెలిటైప్ నుంచి వచ్చింది, అది కాగితం మీద కొట్టే యంత్రం. దాని 33 మోడల్ సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. వీఐ ఎడిటర్లో కర్సరు జరపడానికి హెచ్, జే, కే, ఎల్ ఎందుకంటే, బిల్ జాయ్ దాన్ని రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్ మీద బాణం గుర్తులు ఆ నాలుగు కీల మీదే అచ్చువేసి ఉండేవి. 1976 నాటి కీబోర్డు అది. దాని అలవాటు ఇవాళ్టికీ మీ వేళ్లలో ఉంది.

మన వైపు సంగతి: రైల్వే రిజర్వేషన్ కౌంటర్లలో కూర్చున్నవాళ్లు వాడింది ఈ జాతి తెరలే. రైల్వే సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ వాళ్ల కాన్సర్ట్ అనే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ 1994లో మొదట సికింద్రాబాద్‌లోనే పెట్టారు. డిజిటల్ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్ మీద, ఫోర్‌ట్రాన్, సీ భాషల్లో. నల్లగొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఆ క్యూలో నిలబడ్డవాళ్లు ఇక్కడ చాలామందే ఉండాలి. గుమస్తా మౌసు ముట్టకుండా, కీబోర్డు వైపు చూడకుండా ఎంత వేగంగా కొట్టేవాడో గుర్తుందా?

#8 ఛాయాసోమ

రిపోర్టు. బల్లి తీశాను, తౌడు తీశాను. ఎల్‌ఓటీ అన్న చెప్పినట్టే ఒకదాంట్లో యోక్ కనెక్టరు కాళ్ల దగ్గర ఉంగరంలా పగుళ్లు. కొత్త సీసం పోశాను. సిరీస్ బల్బు మెరిసి మందగించింది. బల్బు తీసేసి డైరెక్టుగా ఇచ్చాక ముందు కీబోర్డు లైట్లు ఒక్కసారి వెలిగి ఆరాయి, 'బీప్' మంది, తెర నెమ్మదిగా వేడెక్కి, చిన్న డబ్బాలో వీటీ220 ఓకే అని వచ్చింది. మా అమ్మ కూడా వంటగదిలోంచి వచ్చి చూసింది. "దీంట్లో సీరియళ్లు రావా?" అని అడిగి వెళ్లిపోయింది.

గేటు అన్న చెప్పిన మూడు తీగలతో లాగిన్ కూడా వచ్చింది. రెండు చిక్కులు. వీఐ లోపలికి వెళ్లాను, బయటికి రాలేకపోతున్నాను, ఈ కీబోర్డు మీద ఎస్కేప్ కీయే లేదు. రెండోది, పెద్ద ఫైలు చూపిస్తే మధ్యలో వరుసలకు వరుసలు మాయమవుతున్నాయి.

#9 జూరాల_గేటు

వీఐ లోంచి బయటికి రాలేకపోవడం టెర్మినల్ తప్పు కాదులే. ఎల్‌కే201 మీద ఎఫ్11 పక్కనే ఈఎస్‌సీ అని అచ్చు ఉంటుంది, కానీ అది వీటీ100 మోడ్‌లోనే పనిచేస్తుంది. వీటీ200 మోడ్‌లో కంట్రోల్, ఎడమ చదరపు బ్రాకెట్ కలిపి నొక్కు. కంట్రోల్ 3 కూడా అదే పంపుతుంది.

వరుసలు పోవడం గురించి. స్మూత్ స్క్రోల్ (వరుసలు మెల్లగా జారుతూ కదలడం) పెట్టుంటావు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ అది వచ్చే అక్షరాల వేగాన్ని అందుకోలేదు. బఫర్ నిండగానే టెర్మినల్ ఎక్సాఫ్ అనే 'ఆగు' సంకేతం పంపుతుంది, అంటే మనం కంట్రోల్ ఎస్ కొట్టినట్టే. పాత కంప్యూటర్ వెంటనే ఆగేది. యూఎస్‌బీ కేబుల్‌లో మాత్రం ఆ మాట రాస్‌బెర్రీ దాకా వెళ్లేలోపే దారిలో ఉన్న బైట్లన్నీ వచ్చి పడిపోతాయి. ఎఫ్‌టీడీఐ చిప్పు ఎక్సాన్, ఎక్సాఫ్‌లను తనలోనే చూసుకోగలదు, అందుకే #4లో దానికి ఓటేశాను. సెటప్‌లో ఎక్సాఫ్ 64 దగ్గర పెట్టి, జంప్ స్క్రోల్‌కు మారు. అప్పటికీ పోతుంటే 4800కు దిగు, తప్పులేదు.

#10 ఛాయాసోమ

రెండూ కుదిరాయి. ఇప్పుడు విచిత్రం చూడండి. ఉత్సాహం ఆగక తెలుగు ఫైలు ఒకటి పంపాను. తెలుగు రాదని తెలుసు, చెత్త వస్తుందనుకున్నాను. చెత్తే వచ్చింది గానీ కుదురుగా లేదు. 'పిల్లలమర్రి' అని పంపితే పదం మెట్లెక్కినట్టు రెండు వరుసలు పైకి పోయింది. 'అమ్మ' అంటే కింది వరుసకు దిగి మళ్లీ పైకెక్కింది. ఒకచోట కొంత పాఠం కనబడకుండానే పోయింది. బోర్డు పాడైందా?

#11 జూరాల_గేటు

బోర్డు చెక్కుచెదరలేదు. నువ్వు పంపిన ప్రతి మాటనూ అది తు.చ. తప్పకుండా పాటిస్తోంది. నేనూ నా వీటీ320 మీద ఇది చూసి ఒక రాత్రంతా నవ్వుకున్నాను.

యూటీఎఫ్-8లో, అంటే ఇప్పటి కంప్యూటర్లు అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో, ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ హెక్సాలో (16 అంకెల లెక్కలో) ఈ0, రెండోది బీ0 లేదా బీ1. టెర్మినల్‌కు ఈ0 అంటే తలమీద గీత ఉన్న ఏ, బీ0 అంటే డిగ్రీ గుర్తు, బీ1 అంటే ప్లస్ మైనస్ గుర్తు. నీ తెర నిండా కనబడ్డవి అవే. అసలు తమాషా మూడో బైట్‌లో ఉంది. అది 80 నుంచి బీఎఫ్ దాకా ఏదైనా కావచ్చు. 80 నుంచి 9ఎఫ్ దాకా ఉన్నవి 8 బిట్ల టెర్మినల్‌కు అక్షరాలు కాదు, ఆజ్ఞలు.

పొల్లు, అంటే వత్తు రాయడానికి మధ్యలో వచ్చే గుర్తు, చివరి బైట్ 8డీ. వీటీ220కి 8డీ అంటే 'ఒక వరుస పైకి వెళ్లు'. పిల్లలమర్రిలో ఎన్ని వత్తులు? రెండు. అందుకే రెండు మెట్లు. నల్లగొండ ఒక మెట్టు, గద్వాల ఒక మెట్టు. 'అ' చివరి బైట్ 85, అంటే 'కొత్త వరుస మొదలుపెట్టు'. అమ్మలో 'అ' కిందికి దింపింది, మ వత్తు పైకి ఎక్కించింది.

'ఐ' చివర 90. అది డీసీఎస్, 'ఇక వచ్చేదాన్ని తెర మీద రాయకు, నీకోసం పంపుతున్న సమాచారంగా తీసుకో' అని. దాన్ని ముగించే ఆజ్ఞ 9సీ. 9సీతో అంతమయ్యే తెలుగు అక్షరం ఏది? 'జ'. ఇక 'ఛ' చివర 9బీ. కర్సరు జరిపే, తెర తుడిచే ఆజ్ఞలన్నిటికీ మొదట ఉండేది అదే. కాబట్టి 'ఛీ' అని పంపేముందు ఆలోచించుకో.

మామూలు వాడకానికి లైనక్స్‌లో భాష సెట్టింగు సీ అని పెట్టెయ్, ప్రోగ్రాములు యూటీఎఫ్-8 పంపడమే మానేస్తాయి.

#12 పెద్దమర్రి

దీనికి మన దేశంలో అప్పుడే జవాబు దొరికింది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థలో పెరిగిన జిస్ట్ (మన భాషలను తెర మీద చూపించే సాంకేతికత) ఉంది కదా, కార్డులతో పాటు టెర్మినళ్లు కూడా చేశారు. వీటీ జాతి ఆజ్ఞలు అర్థం చేసుకుంటూనే తెలుగు, కన్నడం, హిందీ అన్నీ తెర మీద చూపించేవి. వెనకున్న కోడ్ ఇస్కీ, 1991లో ఐఎస్ 13194గా భారతీయ ప్రమాణం అయింది. అందులో కింది 128 స్థానాలు ఇంగ్లీషుకు, మన అక్షరాలన్నీ ఏ1 నుంచి మొదలవుతాయి. అంటే గేటు చెప్పిన ఆ ఆజ్ఞల ఇలాకాలో ఒక్క అక్షరం కూడా పెట్టలేదు. ఒక్కో అక్షరానికి ఒక్కటే బైట్. లిపి మార్చాలంటే ఈఎఫ్ అని పంపి వెనకే ఆ లిపి నంబరు ఇవ్వాలి, తెలుగుకు 45. టెర్మినళ్లతో రోజూ కొట్టుకుచచ్చినవాళ్లు రాసిన ప్రమాణం అది అని చూడగానే తెలుస్తుంది.

జిస్ట్ టెర్మినల్ ఒక్కటైనా నా దగ్గర లేదు. ఎవరి ఆఫీసు స్టోరు రూములోనైనా కనబడితే దయచేసి తుక్కుకు వెయ్యకముందు ఇక్కడ ఒక ముక్క రాయండి. వీటీ220 ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది, అది దొరకదు.

#13 టైపు_టీచర్, వనపర్తి

నేను ఈ చర్చలన్నీ చదువుతానే గానీ రాయను. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు, తెలుగు టైపు నేర్పాను. నాకొక సందేహం. ఆ తెరకు కొత్త అక్షరాలు నేర్పించే సౌకర్యం ఉందని ఎక్కడో చదివాను. ఉంటే ఎన్ని ఆకారాలు పడతాయి?

#14 జూరాల_గేటు

ఉంది మేడం. సాఫ్ట్ ఫాంట్ అంటారు. మనం చుక్కలతో గీసి పంపితే 94 ఆకారాలు దాచుకుంటుంది. ఒక్కో ఆకారానికి 8 చుక్కల వెడల్పు, 10 చుక్కల ఎత్తు. నేనూ ఒకసారి లెక్కేసి వదిలేశాను. అచ్చులు, హల్లులు కలిపితేనే యాభై దాటతాయి, గుణింతాలు వేస్తే ఆరు వందలు. వత్తులకు చోటెక్కడ?

#15 టైపు_టీచర్

గుణింతాలు ఎందుకు బాబూ లెక్కేస్తారు? తెలుగు టైపు మిషనుకు కీలు నలభై చిల్లర. షిఫ్టుతో కలిపి తొంభై లోపే. వాటితోనే కోర్టు కాగితాలు, కలెక్టరేట్ ఫైళ్లు అన్నీ కొట్టాం. అక్షరం మొత్తం ఒక కీ మీద ఉండదు. మొండెం ఒకటి, తలకట్టు ఒకటి, గుడి ఒకటి, కొమ్ము ఒకటి. కొన్ని కీలు నొక్కితే మిషను జరగదు, ముందు ఒక ముక్క పడి దాని మీదే తర్వాతది పడుతుంది. ష, ప లాంటివాటికి మొండెం ఒకటే, లోపలి గుర్తు వేరు. ఆ ముక్కల పట్టిక మీకు 94లో హాయిగా సరిపోతుంది. నా దగ్గర కీబోర్డు చార్టు ఉంది, ఫొటో తీసి పెడతాను.

#16 జూరాల_గేటు

మేడం, మీరు ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదు!

ఒక అడ్డంకి ఉంది. టైపు మిషను ఒకదాని మీద ఒకటి కొడుతుంది. టెర్మినల్‌లో ఒక గడిలో ఒక ఆకారమే, రెండోది వస్తే మొదటిది చెరిగిపోతుంది. కాబట్టి పైన పడే ముక్కలను ముందే కలిపి గీయాలి. కానీ వత్తుల సంగతి తేలికగా తేలిపోతుంది. వీటీ220 వరుసల మధ్య ఖాళీ ఉండదు, 24 వరుసలకు 240 గీతలు ఒకదాని వెనక ఒకటి. వత్తును కింది వరుసలో అదే నిలువులో పెడితే పై అక్షరానికి అతుక్కునే కనబడుతుంది. తెరకు 12 తెలుగు వరుసలే వస్తాయి, వచ్చినంత చాలు. రాస్‌బెర్రీ మీద చిన్న పైథాన్ ప్రోగ్రాము యూటీఎఫ్-8 చదివి ముక్కలుగా విడగొట్టి పంపాలి. మొత్తం తెలుగు కాకుండా, ముందు తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎక్కువగా వాడే పది వత్తులతో మొదలుపెడదాం.

#17 కొల్లాపూర్_మామిడి

ఫోన్‌లో ఎమ్యులేటర్ అన్నది నేనే. ఆ చుక్కల అక్షరాలు గీసే పని నాకివ్వండి. గ్రాఫ్ పేపర్ కొనుక్కొచ్చాను.

#18 పాతసరుకు_బేరం

ఛాయాసోమ గారూ, ఒక్కో వీటీకి మంచి ధర ఇస్తా. షూటింగ్‌లకు కావాలి. లోపలి సామాను తీసేసి ఎల్‌సీడీ పెడతాం, మీకు వచ్చే నష్టం ఏముంది?

#19 పెద్దమర్రి

లోపలిది తీసేశాక మిగిలేది డబ్బా. పనిచేసే ట్యూబ్‌ను తీసి పారేయడానికి ధర కట్టేవాళ్ల కంటే తుక్కు అతనే నయం, వాడికి కనీసం తెలియదు. ఇకముందు ఇవి దొరకడం కూడా కష్టమే. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పెద్ద ఆఫీసులు పాత ఎలక్ట్రానిక్ సరుకును రిజిస్టరైన వాళ్లకే అప్పగించాలి. సీసం కలిసిన గాజు రోడ్డు పక్క పగలకుండా ఉండటం మంచిదే, నేను కాదనను. కానీ వేలంపాట పాడి తెచ్చుకునే రోజులు పోయాయి.

#20 నిర్వాహకుడు

ధరల బేరాలు అమ్మకాల విభాగంలో పెట్టుకోండి. #18 తర్వాత వచ్చిన నాలుగు పోస్టులు అక్కడికి మార్చాను. తిట్లు ఉన్నవి తీసేశాను.

#21 ఛాయాసోమ

అమ్మడం లేదండీ. వైస్ ఒక్కటి పెద్దమర్రి అన్నకు ఇస్తున్నా, డబ్బుకు కాదు, ఆయన దగ్గర అదనంగా ఉన్న ఎల్‌కే201 కీబోర్డు బాగైతే దానికి బదులుగా. తెర మీద అచ్చుపడ్డ మెనూ ఆయనకే ఎక్కువ నచ్చినట్టుంది.

మామిడి గీసిన మొదటి ముప్పై ఆకారాలు ఎక్కించాం. 'నల్లగొండ' కుదురుగా, ఉన్నచోటే నిలబడింది, ల వత్తు కింది వరుసలో. 'క' కొంచెం 'శ' లా ఉంది, మేడం చార్టు చూసి సరిచేస్తున్నాడు. ఇబ్బంది ఏంటంటే కరెంటు పోయి వస్తే టెర్మినల్ ఆ ఆకారాలన్నీ మర్చిపోతుంది. మా వీధిలో ఎండాకాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు.

#22 జూరాల_గేటు

లాగిన్ అయిన వెంటనే ఫాంట్ పంపే స్క్రిప్టు ప్రొఫైల్ ఫైలులో పెట్టెయ్. 94 ఆకారాలూ కలిపి రెండు వేల అక్షరాల లోపే, 9600లో రెండు సెకన్ల పని. యూపీఎస్ మీద పెట్టాలనుకుంటే మాత్రం రాస్‌బెర్రీకి పెట్టు, టెర్మినల్‌కు వద్దు. చవక యూపీఎస్‌ల చదరపు వేవ్ పాత ఎస్‌ఎంపీఎస్‌లకు పడకపోవచ్చు.

#23 ఎల్‌ఓటీ_అన్న

మూడో పెట్టె సంగతి చెప్పనే లేదు తమ్మీ. తెర మధ్యలో ఒక్క అడ్డగీతే వస్తోందని మెసేజ్ పెట్టావు కదా. అది వర్టికల్ సెక్షన్. యోక్‌లో వర్టికల్ కాయిల్ తెగిందా అని ముందు మీటర్‌తో చూడు. కాయిల్ బాగుంటే అవుట్‌పుట్ స్టేజీ, దాని పక్కన ఉన్న కప్లింగ్ కండెన్సర్. ఆ గీత ఎక్కువసేపు ఉంచకు, ఫాస్ఫర్ కాలిపోతుంది. బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించి పని చెయ్. కండెన్సర్ విలువ రాసి పంపు, కోఠి గుజరాతీ గల్లీలో నాకు తెలిసిన కొట్టు ఉంది, వచ్చే వారం సామానుకు వెళ్తున్నా.

#24 ఛాయాసోమ

కాయిల్ బాగానే ఉంది అన్నా. కండెన్సర్ మీద అంకెలు చెరిగిపోయాయి, మంచి పెట్టెలో అదే చోట ఉన్నది చూసి రాత్రికి పంపుతాను. రెండు ఎక్కువ తీసుకురండి, మిగతా రెండు పెట్టెల్లో కూడా మార్చేద్దాం.